పడవల పక్కన దొరికిన పీకలు

బీచ్‌లో పొగ తాగకూడదని చట్టం వచ్చిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించింది ఈలక్క. అప్పటికి ఆమెకింకా ఆ పేరు లేదు. ఒడ్డున చెత్త ఏరే పనిలో ఉండేది. ఏరీ ఏరీ నడుం వంగిపోయింది గానీ సిగరెట్ పీకలు మాత్రం తరగలేదు. ఇసుకలోంచి ఒకటి తీస్తే కింద రెండు ఉండేవి. కూతురు పాకే వయసులో ఉన్నప్పుడు ఒకసారి పిల్లని దుప్పటి మీద కూర్చోబెట్టి పని చేసుకుంటోంది. తిరిగి చూసేసరికి ఎవడో తాగి పారేసిన తడి పీకని పిల్ల నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. వేలు పెట్టి కక్కించింది. ఆ కంపూ, ఆ గోధుమరంగు చొంగా ఎన్నేళ్లయినా మర్చిపోలేదు. అందుకే మునిసిపాలిటీవాళ్లు "ఇసుక మీద పొగ తాగరాదు" అని బోర్డులు పాతి, గార్డులు కావాలి అనగానే మొట్టమొదటి దరఖాస్తు ఆమెదే పడింది.

ఆమెకో పచ్చ జాకెట్, ఒక ఈల, ఒక రసీదు పుస్తకం ఇచ్చారు. జాకెట్ వీపు మీద మునిసిపాలిటీ గుర్తు చింతగింజంత ఉంది, ఆ జాకెట్లు దానం చేసిన హోటల్ పేరు మాత్రం చేటంత ఉంది. ఆమె అదేం పట్టించుకోలేదు. చలికి కప్పుకునే గుడ్డ ఎవరిస్తేనేం అనుకుంది.

మొదటి రెండు నెలలూ ఆ ఈలకి బీచంతా హడలిపోయి, ఆమెకి ఈలక్క అని పేరు పెట్టింది. కొత్తగా పెళ్లైన జంటనీ వదల్లేదు, పెన్షన్ మీద బతికే ముసలాయన్నీ వదల్లేదు. సొంత ఆడపడుచు మొగుణ్ణి పట్టుకుని రసీదు రాస్తే, తర్వాత ఆ ఇంటికి వెళ్లినప్పుడు మంచినీళ్లిచ్చే దిక్కు లేకపోయింది. "చట్టానికి బావా బామ్మర్దీ ఉండరు" అనేది ఈలక్క. అప్పట్లో అలా అనుకునేంత అమాయకురాలు, ఏం చేస్తాం!

ఆమె కళ్లు తెరిపించింది ఒక తెల్లటోపీ పెద్దమనిషి. జాకెట్లు దానం చేసిన ఆ హోటల్ ముందు, ఇసుక మీదికి చొచ్చుకొచ్చి ఓ పెద్ద చెక్క అరుగు ఉంది. దాని మీద వాలు కుర్చీలు, గొడుగులు, చల్లటి గ్లాసులు. ఆయన ఆ అరుగు మీద కాళ్లు చాపుకుని దర్జాగా సిగరెట్ కాలుస్తున్నాడు. ఈలక్క ఈల ఊదింది. వాలిన ఈగని చూసినట్టు చూసి ఆయన మళ్లీ దమ్ము లాగాడు. ఈలోగా హోటల్ మేనేజరు మొహమంతా నవ్వు పులుముకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది మేడమ్?"

"ఆయన సిగరెట్ కాలుస్తున్నారండీ. ఇక్కడ కాల్చకూడదు."

"ఎక్కడ కాల్చకూడదు?"

"ఇక్కడే. ఇసుక మీద."

మేనేజరు వంగి, బట్టల కొట్లో గుడ్డ పరిచి చూపించినట్టు, ఆ పెద్దమనిషి చెప్పుల వైపు చెయ్యి చూపించాడు. "ఆయన కాళ్లు ఎక్కడున్నాయో చూడండి. చెక్క మీద. బోర్డు మీద ఏం రాశారు? ఇసుక మీద అని. మీరే చదువుకోండి మేడమ్."

"ఆ చెక్క కింద ఉన్నది ఇసుకేగా?"

"ఆ లెక్కన మేడ మీద పడుకున్నవాడు కూడా నేల మీద పడుకున్నట్టేనండీ!"

చుట్టూ కుర్చీల్లో ఉన్నవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వులోనే తెల్లటోపీ తన సిగరెట్‌ని రెండు పలకల మధ్య సందులో నలిపి కిందకి వదిలేశాడు. పీక చక్కగా ఇసుక మీద పడింది.

"అదిగో, అది ఇసుక మీదే పడింది కదా" అంది ఈలక్క.

"దానికి మా మనిషున్నాడు మేడమ్. తెల్లారేసరికి మా ఇసుక అద్దంలా ఉంటుంది. వచ్చి చూసుకోండి" అన్నాడు మేనేజరు. నవ్వు ఇంకా అలాగే ఉంది. ఆ నవ్వుని చెంగుతో తుడిచి పారెయ్యాలన్నంత అసహ్యం వేసింది ఆమెకి.

ఆఫీసుకెళ్లి చెప్పుకుంటే ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "రూల్లో ఇసుక అనే ఉందమ్మా. నేనేం చెయ్యను?" అన్నాడు. నిజమే కాబోలు అనుకుని వచ్చేసింది. అరుగు అరుగే, ఇసుక ఇసుకే అని మనసుకి సర్దిచెప్పుకుంది.

సర్దుకునేదే, కొక్కెం బాబాయి లేకపోతే.

హోటల్ అరుగుకి ఆనుకునే, ఓ ముప్పై అడుగుల అవతల, ఆరు చేపల పడవలు ఒడ్డుకి లాగి ఉంటాయి. వాటిల్లో పాతది బాబాయిది. తండ్రి పోయాక ఏడేళ్ల ఈలక్కని తెచ్చుకుని పెంచింది ఈ బాబాయే. ఎప్పుడో గేలం తాడు చుట్టుకుని కుడిచేతి చూపుడువేలు తెగి, వంకరగా అతుక్కుంది కాబట్టి ఊరందరికీ ఆయన కొక్కెం. పొద్దున వేటనుంచి వచ్చి, వల బాగుచేసుకుని, పడవలోనే కూర్చుని కాగితంలో పొగాకు చుట్టుకుని కాలుస్తాడు. పెదవి చురుక్కుమనేదాకా కాలుస్తాడు కాబట్టి పారెయ్యడానికి ఏమీ మిగలదు. అరవై ఏళ్లు దాటిన మనిషి, అదొక్కటే ఆయన విలాసం.

రెండో గార్డు ఒకడున్నాడు, పొడుగ్గా ఉంటాడని అందరూ గెడ అంటారు. అరుగు దగ్గరికొస్తే గెడ ఈల మూగబోతుంది, పడవల దగ్గరికొస్తే దానికి ఎక్కడలేని గొంతూ వస్తుంది. వాడు అప్పటికే బాబాయికి రెండు నోటీసులు రాశాడు. మూడోది పడితే పడవ పెట్టుకునే చోటు రద్దు. ఇక్కణ్ణుంచి పొమ్మంటే మిగిలింది అడ్డుగట్టు అవతల మురుగుకాలవ కలిసే రాళ్లగుట్ట. మోకాలు అరిగిపోయిన బాబాయి అక్కడ పడవని రోజూ రాళ్లమీదికి లాగలేడు. చోటు పోతే వేట పోయినట్టే, వేట పోతే బాబాయి పోయినట్టే. ఈ సంగతి ఈలక్కకి తెలుసు, గెడకీ తెలుసు, ఆఫీసుకీ తెలుసు.

"బాబాయ్, మానెయ్ బాబాయ్. ఇంకొక్కటి రాస్తే నీ చోటు పోతుంది" అని బతిమాలింది ఓ రోజు పడవ అంచు పట్టుకుని.

"మానేద్దామనే ఉందే అమ్మడూ. నలభై ఏళ్లుగా రోజూ అదే అనుకుంటున్నా."

"నవ్వులాట కాదు."

"సరే, ఒక్క మాట చెప్పు. ఆ అరుగు మీదోళ్లు కాల్చుకోవచ్చా?"

"వాళ్లు చెక్క మీద ఉన్నారు బాబాయ్."

ఆయన తను కూర్చున్న పలకని వంకర వేలితో టకటకా కొట్టాడు. "మరి ఇదేంటే, వెన్నముద్దా?"

పక్క పడవల్లోవాళ్లు నవ్వారు. ఈలక్కా నవ్వింది. నవ్వుతూ పది అడుగులు వేసి, ఆగిపోయింది. ఇందులో నవ్వాల్సిందేముంది? అరుగూ చెక్కే, పడవా చెక్కే. రెండిటి కిందా ఇసుకే. ఆ పెద్దమనుషుల కాళ్లు ఇసుకకి తగలనట్టే బాబాయి కాళ్లూ తగలడం లేదు.

మర్నాడు ఇదే మాట ఆఫీసరు ముందు పెట్టింది. రెండు నోటీసులూ కొట్టేయమని అడిగింది. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశాడు. ఆ కిటికీ గూట్లో పెద్ద గవ్వ ఒకటుంది, దాని నిండా నలిపిన సిగరెట్ పీకలు. కంచే చేను మేస్తుంటే ఎవరితో చెప్పుకోవాలి?

"అరుగంటే కట్టడమమ్మా. పడవంటే సామాను. కట్టడం వేరు, సామాను వేరు."

"అలా అని ఎక్కడ రాసుందండీ?"

"రాసి లేదు కాబట్టే నేను చెప్తున్నా." ఆఫీసరు గొంతు తగ్గించి, మనవాడిలా ముందుకు వంగాడు. నోట్లో పిప్పరమెంటు వాసన, దాని వెనక పొగ వాసన. "నాకా పడవలవాళ్ల మీద కోపమా చెప్పు? పీకలన్నీ వాళ్ల దగ్గరే పడి ఉంటున్నాయని హోటల్‌వాళ్లు ఫిర్యాదు ఇచ్చారు. అందుకే ఈ నోటీసులు."

"అబద్ధం. మా బాబాయి తాగితే పీకే మిగలదు."

"అయితే లెక్క తీసుకురా. వారం రోజులు అటూ ఇటూ జల్లెడ పట్టు. ఇదిగో ఫారం. పీకలు పడవలవాళ్లవి కావని తేలితే రెండు నోటీసులూ నేనే చింపేస్తా."

ఈలక్కకి ఏనుగెక్కినంత సంబరమైంది. లెక్కంటే లెక్కే కదా, ఎవరు కాదంటారు? తాడు కట్టి అరుగు ముందు ఒక గడి, పడవల పక్కన ఒక గడి గీసింది. రోజూ పొద్దున్నే డ్యూటీకి రాగానే రెండు గడుల్లోనూ ఇసుక జల్లించి, దొరికిన పీకల్ని రెండు సీసాల్లో పోసేది.

మొదటిరోజు అరుగు ముందు ఒక్కటి కూడా దొరకలేదు. పడవల పక్కన యాభై ఎనిమిది దొరికాయి. రెండోరోజు ఒకటీ, అరవై రెండూ. తడి ఇసుకలో ఉబ్బిపోయి, చచ్చిన పురుగుల్లా జల్లెడలో దొర్లుతున్నాయి. చేతులకి సబ్బు ఎంత రుద్దినా కంపు పోలేదు, అన్నం సహించలేదు. సీసా పట్టుకెళ్లి బాబాయి ముందు పెట్టింది.

ఆయన ఒకటి పైకి తీసి చూశాడు. తెల్లటి ఫిల్టరు, దాని చుట్టూ సన్నటి బంగారు గీత. "ఇంత ఖరీదైన దగ్గు మాకెక్కడిదే?" అన్నాడు.

నిజమే. అన్నిటికీ బంగారు గీతే.

మరి ఇక్కడికి ఎలా వస్తున్నాయి? ఆరోరోజు వెలుతురు రాకముందే వెళ్లి పడవ చాటున కూర్చుంది. కాసేపటికి హోటల్ మనిషి వచ్చాడు. నడివయసువాడు, చేతిలో పళ్లున్న దంతె, వెనక ఒంటిచక్రం బండి. అరుగు కింద దూరి, ఇసుకని దంతెతో గీకీ గీకీ బండిలోకి ఎత్తాడు. బండి తోసుకుంటూ నేరుగా పడవల వెనక్కి వచ్చి గుమ్మరించాడు. తర్వాత ఆ కుప్పని దంతెతో శుభ్రంగా చదును చేశాడు, అద్దంలా.

ఈలక్క లేచి నిలబడింది. వాడు బండి వదిలేశాడు.

"నీకిది పనా?" అంది.

"అవతల పారబొయ్యమన్నారక్కా మేనేజరుగారు. అవతలంటే ఎక్కడో చెప్పలేదు. ఈ బండి ఇసుకలో ఇంతకంటే దూరం నడవదు."

"ఈ మాట ఆఫీసులో చెప్తావా?"

"నాకు ఇద్దరు పిల్లలక్కా" అన్నాడు.

తిట్టడానికి నోరు తెరిచింది గానీ తిట్టు రాలేదు. వీణ్ణేం తిడుతుంది? తాగినవాడు అరుగు మీద, పారబొయ్యమన్నవాడు ఏసీ గదిలో, మధ్యలో వీడు చక్రం తిరగని బండితో. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, పిడికెళ్లన్నీ సమానంగా ఉండవు.

వారం పూర్తయింది. రాత్రి భోజనాలయ్యాక ఈలక్క ఫారం ముందేసుకుని కూర్చుంది. అందులో నాలుగే గడులు. తేదీ, దొరికిన చోటు, సంఖ్య, సంతకం. ఎవరివి అన్న గడి లేదు, ఎలా వచ్చాయి అన్న గడి అసలే లేదు. ఆమె ఉన్నదున్నట్టు నింపింది. పడవల పక్కన నాలుగువందల పన్నెండు. హోటల్ అరుగు ముందు మూడు. అబద్ధం రాయడం ఆమెకి చేతకాదు, పైగా లెక్క ఆమెదే. ఆ తర్వాత కాగితం తిప్పి, వెనక తెల్లగా ఉన్న పేజీ నిండా రాసింది. బంగారు గీత గురించి, దంతె గురించి, బండి గురించి, అరుగు సందుల గురించి. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా. కూతురు పక్కన కూర్చుని మార్కులు వేసినట్టు "బాగుందమ్మా" అంది.

మర్నాడు ఫారమూ రెండు సీసాలూ ఆఫీసులో ఇచ్చి, దారిలో బాబాయి దగ్గర ఆగింది.

"అంతా రాశావా?"

"అంతా రాశాను బాబాయ్. వాళ్ల బండారం మొత్తం."

ఆయన ఆ రోజు పడిన వాటిలో పెద్ద చేపని ఏరి ఆమె సంచిలో పెట్టాడు. పడవల మీదివాళ్లంతా ఆమెని పిలిచి పిలిచి పలకరించారు. ఆ వారం ఈలక్క నేల మీద నడవలేదు.

పదోరోజున ఆఫీసరు పిలిచాడు. బల్ల మీద సంతకమైన ఆర్డరు ఉంది. "నువ్వే చదువు, నీ పేరు కూడా ఉంది" అన్నాడు, బహుమతి ఇస్తున్నట్టు.

విధి నిర్వహణలో ఉన్న గార్డు స్వయంగా జల్లించి సమర్పించిన లెక్క ప్రకారం, పడవల పక్కన నాలుగువందల పన్నెండు పీకలు, హోటల్ ముందు మూడు మాత్రమే దొరికినందున, ఆరు పడవలూ మూడు రోజుల్లో ఒడ్డు ఖాళీ చెయ్యాలి. ఆ చోటు ఇకపై శుభ్రంగా ఉండేందుకు దాని బాధ్యత హోటల్‌కే అప్పగించడమైనది.

ఆమెకి అక్షరాలు అలుక్కుపోయాయి. "వెనక పేజీ ఏదండీ?"

"వెనకేముంది?"

"వెనకే అంతా రాశాను. అవి ఎవరివో, ఎలా వచ్చాయో..."

ఆఫీసరు ఫైలు తెరిచాడు. పైకి వెళ్లింది ఫొటోకాపీ. ముందు పేజీది మాత్రమే. దాని వెనక తెల్లగా, కడిగిన కంచంలా ఉంది. అసలు కాగితం అడుగునెక్కడో ఉంటే లాగి, తిప్పి, ఆమె ఎదురుగానే మొదటినుంచి చివరిదాకా చదివాడు. తీరిగ్గా చదివాడు. ఆయన కళ్లు ఒక్కో వరస మీద నడవడం ఆమె చూసింది, చివర్లో సంతకం దగ్గర ఆగడం కూడా చూసింది.

"బాగా రాశావు. కానీ ఫారం అంటే ముందు పేజీ అమ్మా. ఇంతకీ ఆ నంబర్లు నీవేనా, కాదా?"

"నావే."

"తప్పా?"

"తప్పు కాదు. కానీ..."

"మరింకేం? నీలాంటి నిజాయితీ గల మనిషి రాసింది కాబట్టే పైన ఎవరూ మారుమాట్లాడలేదు. గెడ రాసుంటే నమ్మేవారా?" అని, పిప్పరమెంటు ఒకటి నోట్లో వేసుకున్నాడు.

ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకొచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే. ఆ సామెత ఈలక్కకి పుట్టినప్పటినుంచీ తెలుసు. కానీ ఆకుని పట్టుకెళ్లి ముల్లు మీద పెట్టింది తన చేతులే అని అప్పుడే తెలిసింది. ఆఫీసరు మొహం చూస్తే అసహ్యం వేసింది. ఆ గవ్వ చూస్తే అసహ్యం వేసింది. అన్నిటికంటే ఎక్కువగా, ఆర్డరు కింద జతచేసిన తన గుండ్రటి అంకెల్ని చూస్తే డోకొచ్చింది. బయటికొచ్చి గోడ పట్టుకుని నిజంగానే కక్కుకుంది.

ఆర్డరు పడవలవాళ్లకి తను ఇస్తానన్నాడు గెడ. ఆమె వద్దంది. తనే పట్టుకెళ్లి పడవ దగ్గర నిలబడింది.

"చదవ్వే, కళ్లజోడు ఇంట్లో ఉంది" అన్నాడు బాబాయి, సంబరంగానే. మిగిలినవాళ్లూ వలలు వదిలేసి మూగారు. ఆమె చదివింది. గొంతు ఎక్కడా ఆగలేదు, ఆగితే మళ్లీ లేవదని భయం.

చదవడం అయ్యింది. బాబాయి అడిగాడు, "ఎవరి లెక్కే అది?"

"నాదే బాబాయ్. కానీ వెనక అంతా రాశాను. నిజంగా రాశాను. వాళ్లు వెనక వైపు..."

"వెనకా?" అన్నాడాయన. తర్వాత వలలోకి చూసుకుంటూ, తెగిన కన్ను ఎక్కడుందో వెతుక్కున్నాడు.

మూడోరోజు పొద్దున పడవలు కదిలాయి. ఐదు పడవలు ఒకదాని తర్వాత ఒకటి నీళ్లలోకి వెళ్లిపోయాయి. అందరికంటే పాతదీ బరువైనదీ బాబాయిది ఆఖరున మిగిలింది. తోయడానికి బాబాయి, పిన్ని, పక్కింటాయన, ముగ్గురే ఉన్నారు. నాలుగో భుజం లేకపోతే అది అంగుళం కూడా జరగదు. ఈలక్క పరిగెత్తుకెళ్లి ఎడమవైపు అంచుకి భుజం ఆనించి, కాళ్లు ఇసుకలో దిగేసి నిలబడింది. చిన్నప్పటినుంచీ ఆ చోటు ఆమెదే.

బాబాయి కేక వేస్తే అందరూ ఒక్కసారి తోస్తారు. ఆయన కేక వెయ్యలేదు.

"బాబాయ్, వెయ్యవేం?" అంది, మొహం పడవకి ఆనించే.

ఆయన ఆమె వైపు చూడలేదు. హోటల్ వైపు చూశాడు. అరుగు కింద దంతె పట్టుకుని ఆ మనిషి నిలబడి ఇటే చూస్తున్నాడు.

"ఓ తమ్ముడూ!" అని పిలిచాడు బాబాయి. "ఖాళీగా ఉన్నావా? ఇటొచ్చి ఓ భుజం పట్టు."

వాడు అటూ ఇటూ చూశాడు. అరుగు మీదికి ఇంకా ఎవరూ రాలేదు. దంతె కింద పడేసి గబగబా వచ్చి, ఈలక్క పక్కన నిలబడ్డాడు. ఆ అంచు దగ్గర ఇద్దరికి చోటు లేదు.

"అక్కా, కాస్త జరుగు" అన్నాడు తలవంచుకుని.

ఆమె జరిగింది. బాబాయి కేక వేశాడు. పడవ కదిలింది.